ఫొటో అంచుకు అవతల

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా ఆడపడుచు శర్వాణి కనిపెట్టిన తాళం మాత్రం పట్టింది. పట్టి, నా మొగుణ్ణి నా కళ్ళముందు దోషిలా నిలబెట్టింది. ఆ దడ నాకింకా పూర్తిగా తగ్గలేదు. అందుకని నేను కథ కొంచెం అటూ ఇటూగా చెబితే ఏమీ అనుకోకండి.

మాది చీరాల. గడియార స్తంభం వెనక వీధిలో ఉన్న వెన్నెల ఫొటో స్టూడియో మాదే. మా ఆయన విశ్వం, నేను హైమ. ఇద్దరమే యజమానులం, ఇద్దరమే పనివాళ్ళం. పెళ్ళిళ్ళకి, ఓణీల ఫంక్షన్లకి, సీమంతాలకి ఆయన వీడియో తీస్తారు, నేను ఫొటోలు తీస్తాను. ఆడవాళ్ళ గదిలోకి మగ ఫొటోగ్రాఫర్ని రానివ్వని ఇళ్ళు మా ఊళ్ళో ఇప్పటికీ ఉన్నాయి. అక్కడంతా నాదే రాజ్యం.

ఒకప్పుడు ఫొటోలు ఆల్బమ్‌లో అంటించి చేతికిచ్చేవాళ్ళం. తర్వాత సీడీ, ఆ తర్వాత పెన్‌డ్రైవ్, ఇప్పుడు లింకు. ఆల్బమ్ చూడాలంటే ఇంటికొచ్చి, కాఫీ తాగి, వేళ్ళు తుడుచుకుని చూడాలి. లింకుకు ఆ మర్యాద లేదు. ఒక్కసారి వాట్సాప్‌లో పడిందా, ఊరందరి సొత్తు. నేను ఈ మాట చెబుతూనే ఉన్నాను, మా ఆయన "ఏం కాదులే" అంటూనే ఉన్నారు. చివరికి అయింది.

మా పక్కనే ఉన్న పేరాలలో సుగుణమ్మ గారని ఒకావిడ కూతురికి సీమంతం చేస్తే నేనే ఫొటోలు తీశాను. ఆ పిల్ల చేతుల నిండా గాజులతో సిగ్గుపడుతున్న ఫొటో, తీసిన నెల తిరక్కుండా ఎక్కడో పరాయి ఊరి సంతాన సాఫల్య కేంద్రం ప్రకటనలో తేలింది. 'మా వైద్యంతో తల్లి అయిన మరో అదృష్టవంతురాలు' అని కింద రాశారు! ఆ పిల్లకి ఏ వైద్యమూ జరగలేదు. అత్తగారు మాత్రం ప్రకటన చూసి, మా దగ్గర ఏం దాచారని నిలదీసిందట. సుగుణమ్మ గారు ఫోను పట్టుకుని స్టూడియోకి వచ్చి నా ఎదురుగా కూలబడింది.

"ఏందమ్మా హైమమ్మా, నా బిడ్డని బజాన పెట్టారు కదే!"

నేను తల ఎత్తలేకపోయాను. ఆ సాయంత్రమే మా ఆయనతో తెగేసి చెప్పాను, లింకులు బందు, మనకంటూ ఒక పోర్టల్ పెట్టుకోవాల్సిందేనని.

పోర్టల్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ఆన్‌లైన్‌లో ఒక్కో కుటుంబానికి ఒక్కో గది అనుకోండి. గదిలో వాళ్ళ ఫొటోలు, వీడియోలు ఉంటాయి. లోపలికి ఎవరెవరు రావచ్చో ఆ కుటుంబమే చెబుతుంది. ఎవరు ఎప్పుడొచ్చారో, ఏ ఫొటో దించుకున్నారో గదే రాసిపెట్టుకుంటుంది. ఫొటోలన్నీ ముక్కలుగా కలగలిపి దాస్తుంది కాబట్టి ఎవడైనా సర్వర్ని ఎత్తుకుపోయినా వాడికి దొరికేది చెత్తే. ఇదంతా నేను వీడియోలు చూసి, అడిగి, తిట్లు తిని, పెళ్ళిళ్ళు లేని ఆషాఢంలో కూర్చుని కట్టేశాను. తీరా తాళం దగ్గరికొచ్చేసరికి నా పని గోవిందా అయింది.

మా జనానికి పాస్‌వర్డ్ అంటే దాచుకునేదని తెలియదు. పిల్ల పేరు పెట్టి పక్కన ఒకటి రెండు మూడు వేస్తారు. ఓటీపీ పంపిద్దామంటే ఆ నంబరు అల్లుడిది, అల్లుడు దుబాయిలో ఉంటాడు. "పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకండి పెద్దమ్మా" అని ఒక ముసలావిడకి నూరిపోస్తే, "నేనెవురికి చెప్తానే? మా తోడికోడలికీ, దాని కూతురికీ, పాలు పోసే ఆమెకీ చెప్పా, అంతే" అంది. నేను ల్యాప్‌టాప్ మూసేసి నెత్తి పట్టుకున్నాను.

అప్పుడు వచ్చింది శర్వాణి. మా ఆయనకి ఒక్కగానొక్క చెల్లెలు. హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో కంటి కదలికల మీద పరిశోధన చేస్తుంది. పెళ్ళి వద్దంటుంది, అన్నం వద్దంటుంది, పరిశోధన ఒక్కటీ ఉంటే చాలంటుంది. నా గోడు ఫోనులో విని, ఒక పెట్టె వేసుకుని మరుసటి ఆదివారానికి దిగిపోయింది.

"వదినా, నా దగ్గర ఒక తాళం ఉంది. దానికి పాస్‌వర్డ్ అక్కర్లేదు. ఎవరికీ చెప్పలేరు, ఎవరూ దొంగిలించలేరు. నాకు ల్యాబ్ బయట మనుషులు కావాలి, నీకు తాళం కావాలి."

"ముందు అన్నం తిను," అన్నాను.

తిన్నాక ఆ తాళాన్ని సుగుణమ్మ గారి మీదే పరీక్షించాం. ఫోను ముందు కూర్చోబెట్టి, కూతురి సీమంతం ఫొటో ఒకటి తెర మీద వేసింది శర్వాణి. ఆవిడ చూపు ఎక్కడెక్కడ తిరుగుతోందో పక్కన ల్యాప్‌టాప్‌లో ఒక ఎర్ర చుక్క చూపిస్తోంది. ఫొటో పడగానే ఆ చుక్క ఎడమవైపుకి దూకి, ఫొటో అంచు దాటి బయటికి పోయి, మళ్ళీ వచ్చి పిల్ల మొహం మీద వాలింది. ఇదంతా రెప్పపాటు కూడా లేదు.

"పెద్దమ్మా, ఫొటో బయటికి ఎందుకు చూశారు?" అంది శర్వాణి.

"నేనా? లేదే! మా పిల్ల మొహమే చూశా."

"ఆ రోజు ఈ పక్కన ఎవరైనా నిలబడ్డారా?"

సుగుణమ్మ గారు కాస్త ఆలోచించి మూతి తిప్పింది. "ఇంకెవురు? మా వియ్యపురాలు. గాజులు నాసిరకం తెచ్చామని మొహం మాడ్చుకుని ఆడనే నిలబడింది."

నేను పకపకా నవ్వాను. తాళం తెరుచుకుంది. వెంటనే పక్కనున్న జిరాక్స్ షాపు రమాదేవిని పిలిచి అదే ఫొటో చూపించాం. ఆవిడ చుక్క నెక్లెస్ మీదికి పోయింది, చీర అంచు మీదికి పోయింది, స్వీట్ల పళ్ళెం దగ్గర చాలాసేపు ఆగింది. ఫొటో దాటి మాత్రం వెళ్ళలేదు. తాళం తెరుచుకోలేదు.

"అక్కడ ఉన్నవాళ్ళ కంటికి ఫొటో అంచు దగ్గర ఆగడం తెలీదు వదినా," అంది శర్వాణి, కళ్ళు మెరుస్తుండగా. "ఎవరు అలిగారో అటు పోతుంది, తాము నిలబడ్డ చోటికి పోతుంది, ఏదో చప్పుడైన వైపు పోతుంది. మనిషికి తెలియకుండానే వెళ్ళి వచ్చేస్తుంది. తెలిసి, కావాలని చూస్తే ఆలస్యం అవుద్ది. తాళం పట్టేస్తుంది."

మా ఆయన ఒక మూల కూర్చుని లెన్సు తుడుచుకుంటున్నారు. తల ఎత్తకుండానే అడిగారు. "అయితే ఫొటోని ఎంత బాగా కంఠస్థం చేసినా తెరుచుకోదా?"

"తలకిందులుగా తపస్సు చేసినా తెరుచుకోదు అన్నయ్యా."

"ఊఁ," అన్నారాయన.

పోర్టల్ మొత్తానికి యజమాని తాళం ఒకటి ఉంటుంది. ఎవరి గదిలో ఏ చిక్కొచ్చినా ఆ తాళంతోనే సరిచేయాలి. దాన్ని మా ఇద్దరి కళ్ళతోనూ కట్టాలని శర్వాణి పట్టుబట్టింది. ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు తీయొద్దూ? దానికి మా పెళ్ళి ఫొటోలే వాడదామంది. నాకు సరదా వేసింది. ఆయనకే, పాపం, ఎప్పుడూ తీరలేదు. ఒకరోజు కళ్ళు మంటన్నారు. ఒకరోజు కరెంటు పోతుందేమో అన్నారు. ఇంకోరోజు వేటపాలెం వెళ్ళాలన్నారు, తీరా అక్కడ ఏ పనీ లేదు.

"ఏమిటండీ, పెళ్ళిచూపులకి కూడా ఇంత బెట్టు చేయలేదు మీరు," అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి కూర్చోబెట్టాను.

ముందు నా వంతు. జీలకర్ర బెల్లం పెడుతున్న ఫొటో వేసింది. నా చుక్క ఎగిరి పైకి, కుడివైపు బయటికి పోయింది. నాకే నవ్వొచ్చింది. అక్కడ ఫ్యాను ఉండేది. సరిగ్గా ముహూర్తం వేళకి ఎవరో విసిరిన బంతిపూల దండ దానికి చుట్టుకుని, రెక్కలు తిరిగినప్పుడల్లా పూలు పురోహితుడి నెత్తిన రాలుతుంటే, మంత్రాల మధ్యలో ఆయన తిట్టుకున్నాడు. పెళ్ళికొచ్చిన వాళ్ళంతా ఇప్పటికీ చెప్పుకుంటారు.

తర్వాత ఆయన కూర్చున్నారు. ఫొటో పడింది. చుక్క నా కళ్ళ మీదికి వచ్చింది, ఆయన చేతి మీదికి, పురోహితుడి జంధ్యం మీదికి, పీటల మీదికి, పళ్ళెంలో కొబ్బరికాయ మీదికి వెళ్ళింది. ఎంత బుద్ధిగా తిరిగిందంటే, పరీక్షకు చదువుకున్న పిల్లాడు ఒప్పజెప్పినట్టు తిరిగింది. అంచు దాటలేదు. తెర మీద శర్వాణి రాసిపెట్టుకున్న మాట వచ్చింది: 'మీరు ఇక్కడ లేరు.'

"అయ్యో రామా! నా పెళ్ళిలో నా మొగుడు లేడట!" అని చప్పట్లు కొట్టి నవ్వాను.

ఇంకో పెళ్ళి ఫొటో వేసింది. లేరు. ఇంకోటి వేసింది. లేరు. కళ్ళజోడు తీయించాం. లేరు. శర్వాణి నవ్వు మానేసింది. తన చిన్నప్పటి ఫొటో ఒకటి తీసింది, అన్నయ్య సైకిలు ముందు కడ్డీ మీద తను కూర్చున్నది. అది చూసిన వెంటనే తన చుక్క కిందికి పోయింది, ఆ క్షణంలోనే కుక్క వచ్చి చక్రానికి అడ్డం పడిందట. అన్నయ్య చుక్క మాత్రం సైకిలు గంట మీద, చెల్లెలి రిబ్బన్ల మీద తిరిగి ఆగిపోయింది.

'మీరు ఇక్కడ లేరు.'

"యంత్రం పాడైందేమో," అన్నాను.

శర్వాణి మొన్నటి శ్రావణంలో మేము తీసిన ఒక పెళ్ళి ఫొటో వేసింది. ఆయన చుక్క అంచు దాటి ఎగిరింది. తాళం టక్కున తెరుచుకుంది. యంత్రానికి ఏమీ కాలేదు.

ఆయన లేచి నిలబడ్డారు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "కళ్ళు మండుతున్నాయి," అని బయటికి వెళ్ళిపోయారు.

నేను వంటింట్లోకి పోయి దొండకాయలు ముందేసుకున్నాను. చేతులకి ఏదో ఒక పని లేకపోతే పిచ్చెక్కేలా ఉంది. శర్వాణి వెనకే వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"వదినా, ఆ యాక్సిడెంటప్పుడు అన్నయ్యని నువ్వే గుర్తుపట్టావా?"

మీకు చెప్పలేదు కదూ. చాలా ఏళ్ళ కిందటి మాట. ఒంగోలు నుంచి పెళ్ళి చేసుకొస్తుంటే, అదే, పెళ్ళి వీడియో తీసుకొస్తుంటే, మేదరమెట్ల దగ్గర వ్యాను బోల్తా పడింది. డ్రైవరు అక్కడికక్కడే పోయాడు. ఈయన తల పగిలింది. చాలాకాలం ఆస్పత్రిలో ఉన్నారు. అప్పుడు శర్వాణి చదువుకోసం వేరే దేశంలో ఉంది.

"మొహం నిండా కట్లున్నాయి. చొక్కా చూసి గుర్తుపట్టాను," అన్నాను. అన్నాక ఆ అడిగిన దాని అర్థం తెలిసి కత్తిపీట మీద నుంచి లేచిపోయాను. "ఏమిటే నువ్వనేది? నేను ఎవర్ని తీసుకొచ్చి కాపురం చేస్తున్నాననుకుంటున్నావు? నోటికి హద్దూ పద్దూ ఉండక్కర్లా?"

"నేనేమీ అనుకోవట్లేదు వదినా. నాకు భయంగా ఉంది, అంతే. మా అన్నయ్యకి ఎడమ చెవి వెనక కందిగింజంత పుట్టుమచ్చ ఉంటుంది. అమ్మ దానికి రోజూ దిష్టి తీసేది."

ఇన్నేళ్ళలో నేను ఆయన చెవి వెనక ఎప్పుడైనా చూశానా? చూసే ఉంటాను. ఉందో లేదో మాత్రం ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు. దేవుడా, ఇది తేలకపోతే ఈ మనిషికి నేను అన్నమెలా పెట్టను?

భోజనాల వేళకి ఆయన వచ్చి పీట మీద కూర్చున్నారు. పప్పు వడ్డించే వంకతో వెనక్కి వెళ్ళి వంగి చూశాను. ఉంది. కందిగింజంత, నల్లగా ఉంది. గరిటె పట్టుకునే గోడకు చేరగిలబడ్డాను. అమ్మయ్య, ఈయన ఆయనే! ఆ సంబరం రెండు ఊపిర్లు కూడా నిలవలేదు. ఆయనే అయితే, మరి తాళం ఎందుకు కాదంటోంది?

నాకు కడుపులో దాచుకోవడం చేతకాదు. అడిగేశాను.

"మన పెళ్ళిలో ఫ్యానుకి ఏం చుట్టుకుంది?"

ముద్ద నోటి దగ్గర ఆగిపోయింది. ఆయన నా వైపు చూశారు. వెతుకుతున్నారు, అది నాకు కనిపిస్తూనే ఉంది. ఎక్కడా దొరకలేదు.

"ఫ్యాను ఏ ఫొటోలోనూ పడలేదు హైమా," అన్నారు.

శర్వాణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఎవరైనా పాత సంగతి ఎత్తితే ఈయన ఎప్పుడూ ఏం చెప్పేవారు? "నీది నీలం చీర కదా, మీ బాబాయి తలపాగా చుట్టుకున్నాడు కదా." అన్నీ ఫొటోలో ఉన్నవే. ఫొటోగ్రాఫరు కదా, రంగులే గుర్తుంటాయి కాబోలని మురిసిపోయానే తప్ప, ఎవరేమన్నారో, ఏం వాసనొచ్చిందో, పప్పుచారు ఎందుకు ఉప్పనైందో ఒక్కసారి కూడా చెప్పలేదని నాకు తట్టలేదు.

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి, నేల మీదే కూర్చుని చెప్పారు.

"ఆస్పత్రిలో కళ్ళు తెరిస్తే ఒకావిడ నా చెయ్యి పట్టుకుని ఏడుస్తా ఉంది. ఎవరో తెలీదు. నా పేరేందో కూడా నర్సు పిలిస్తేనే తెలిసింది. మాటలు వచ్చు, కెమెరా పట్టుకుంటే చేతులకి పని తెలుసు. మనుషులే తెలీదు. ఒక్క మనిషి కూడా."

"డాక్టర్లకి చెప్పొచ్చు కదా! నాకు చెప్పొచ్చు కదా!"

"చెబుదామనే నోరు తెరిచా. అప్పుడే నువ్వన్నావు, 'వకుళని ఎత్తుకుని పెంచినవాళ్ళం మనిద్దరమే మిగిలాం. మీరు కూడా పోతే, అదొకటి పుట్టిందని చెప్పుకోవడానికి కూడా నాకు తోడెవరూ ఉండరు' అని. ఇంక నేనేం చెప్పను? నోరు మూసుకున్నా. ఇంటికొచ్చాక ఆల్బమ్‌లు ముందేసుకుని నేర్చుకున్నా. నీ పేరు, మన పెళ్ళి, శర్వాణి, అమ్మా నాన్నా, అందర్నీ."

వకుళ మా పాప. రెండేళ్ళు నిండకుండా విషజ్వరంతో పోయింది. అది పోయిన ఏడే మా అమ్మా పోయింది. అత్తమామలు అంతకు ముందే లేరు. ఆ తర్వాత ఏడాది తిరిగేలోపే ఈ ప్రమాదం.

"వకుళ?" అన్నాను. "వకుళ కూడానా?"

ఆయన తల దించుకున్నారు.

"ఏటేటా ఆ రోజున నా పక్కన కూర్చుని ఏడ్చారే! కళ్ళు వాచేలాగా ఏడ్చారే! అదంతా ఏంటి?"

"నువ్వు ఏడుస్తుంటే చూళ్ళేక ఏడ్చా."

"దొంగ ఏడుపు!" అని అరిచాను. "నా బిడ్డ మీద దొంగ ఏడుపు ఏడ్చారా? నేను ఇన్నేళ్ళూ ఒక్కదాన్నే ఏడ్చానా? పక్కన మనిషున్నాడనుకుని గోడని పట్టుకుని ఏడ్చానా?"

ఇంకా చాలా అన్నాను. అన్నీ ఇక్కడ రాయలేను. ఆయన ఒక్క మాటకీ ఎదురు చెప్పలేదు. అదే నాకు మరీ మండింది.

ఆ తర్వాత ఇల్లు ఇల్లులా లేదు. ఆయన స్టూడియోలో పడుకోవడం మొదలుపెట్టారు. అన్నం గిన్నెలో పెట్టి పంపేదాన్ని, మాట పంపేదాన్ని కాదు. నిజం చెప్పొద్దూ, నాకు మొగుడు అబద్ధమాడాడన్న బాధ తక్కువ. పెళ్ళి మర్చిపోతే పోయాడు, మళ్ళీ చెప్పుకోవచ్చు. కానీ నా వకుళ ఈ భూమ్మీద నా ఒక్కదాని తలలో మాత్రమే ఉందని తెలియడం... నాకేమన్నా అయితే అది ఇంకోసారి చచ్చిపోతుంది. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా ఊపిరాడేది కాదు.

శర్వాణి కూడా నలిగిపోయింది. "నేను తాళం చేశాననుకున్నా వదినా. ఇది గొడ్డలి," అంది. "మన ఇంట్లోనే ఇట్లా అయితే, రేపు ప్రతి ఇంట్లో ఏమేం బయటపడతాయో! కస్టమర్లకి దీన్ని పెట్టొద్దు. మామూలు పాస్‌వర్డే పెట్టు."

సరేనన్నాను. పాస్‌వర్డ్‌లే పెట్టాను. సుగుణమ్మ గారిని, ఆ ముసలావిడని, అందరినీ పిలిచి, ఒకరొకరిగా కూర్చోబెట్టి, తిట్టి బతిమాలి పెద్ద పాస్‌వర్డ్‌లు పెట్టించాను. అల్లుళ్ళ నంబర్లు తీసేసి వాళ్ళ సొంత నంబర్లు ఎక్కించాను. వెన్నెల పోర్టల్ నడవడం మొదలైంది. ఎవరి ఫొటోలు వాళ్ళకే కనిపిస్తున్నాయి. ఇంత గొడవ మధ్యలో ఆ ఒక్క పనీ సవ్యంగా జరిగిందంటే నా మొండితనమే.

ఒక మధ్యాహ్నం, స్టూడియోలో ఎవరూ లేని వేళ, వకుళకి కూడా ఒక గది కట్టాను. దాని ఫొటోలు అప్పటిదాకా ఒక పాత హార్డ్‌డిస్కులో ఉండేవి, అది ఏనాడు మొరాయిస్తుందో తెలియదు. అన్నీ ఎక్కించాను. దానికి మాత్రం శర్వాణి తాళమే పెట్టాను. నా బిడ్డ గదిలోకి దాన్ని నిజంగా ఎరిగినవాళ్ళే రావాలి. చివర్లో 'ఎవరెవరికి అనుమతి' అని అడిగింది. నా పేరు రాశాను. ఇంకెవరైనా ఉన్నారా అంది. లేరని నొక్కాను.

శర్వాణి నా భుజం మీదుగా చూస్తోంది. "వదినా, అన్నయ్య పేరు?"

"తెరుచుకోని తలుపుకి తాళంచెవి ఎందుకు?"

చప్పుడైతే తల తిప్పాను. నేను పంపిన అన్నం గిన్నె తోమి, తిరిగి ఇవ్వడానికి లోపలి గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నారాయన. విన్నారు. వింటే విననీ అనుకున్నాను. ఇంకా నాలుగు అనాలనిపించింది.

"రండి, కూర్చోండి. మా వకుళ మీకేపాటి తెలుసో మీ కళ్ళనే అడుగుదాం."

పరీక్ష కోసమని ఆయన పేరు కూడా ఎక్కించి మరీ పుండు మీద కారం చల్లాను. తెలిసే చల్లాను. శర్వాణి "వద్దొదినా" అంది. ఆయన మాత్రం గిన్నె బల్ల మీద పెట్టి, చెప్పు దెబ్బకి సిద్ధపడ్డవాడిలా వచ్చి కూర్చున్నారు.

తాళం తనే ఒక ఫొటో తీసి తెర మీద వేసింది. మా స్టూడియోలోనే, నీలం తెర ముందు, ఎత్తు స్టూలు మీద వకుళ. ఊదారంగు గౌను, కింద రెండే పళ్ళు. సూటిగా నా కెమెరాలోకి చూస్తూ నోరంతా తెరిచి నవ్వుతోంది. మోకాళ్ళ దగ్గర ఫొటో ఆగిపోయింది. దాని చుట్టూ నీలం తెర తప్ప ఏమీ లేదు.

ఎర్ర చుక్క పాప మొహం మీదికి రాలేదు. అది ముందు కిందికి దూకింది. మోకాళ్ళు దాటి, అంచు దాటి, ఫొటోకి బాగా కిందికి, ఖాళీలోకి వెళ్ళిపోయింది. వెళ్ళి, తిరిగి పైకి వచ్చి, వకుళ మొహం మీద ఆగింది.

గది తెరుచుకుంది.

వకుళ ఫొటోలన్నీ తెర నిండా పరుచుకున్నాయి. శర్వాణి మూసేసి మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే దారి. కిందికి, బయటికి, మళ్ళీ మొహం మీదికి. మళ్ళీ తెరుచుకుంది.

"ఇది తప్పు చూపిస్తా ఉంది," అన్నారాయన. భయపడిపోయారు. "ఒట్టు హైమా, నేను కావాలని చేయలేదు. నేను పాపనే చూశా. కిందికెందుకు చూస్తాను? అక్కడ ఏమీ లేదు కదా!"

"కావాలని చూస్తే తెరుచుకోదు అన్నయ్యా," అంది శర్వాణి మెల్లిగా. "నువ్వు కాదు చూసింది. నీ కన్ను."

ఆ చుక్క ఎక్కడికి దూకిందో నాకు తెలుసు. ఆ చోటు గురించి నేను ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు, చెప్పేటంత పెద్ద సంగతి కూడా కాదది. ఆ రోజు స్టూడియోలో ఉన్నది మేమిద్దరం, పాప, అంతే. ఏ ఫొటోలోనూ పడలేదు.

"అంత ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టొద్దని నేను మొత్తుకున్నా," అన్నాను. "మీరు వింటేనా! స్టూలు కింద నేల మీద వెల్లకిలా పడుకున్నారు. చేతులు రెండూ పైకి చాపారు. 'పడితే నా మీదే పడుద్ది, నువ్వు తియ్యి' అన్నారు. నేను తీసినంతసేపూ అట్లాగే పడుకున్నారు. అక్కడ ఉంది మీరేనండీ."

ఆయన తెర వంక చూశారు. నా వంక చూశారు.

"నాకు గుర్తు రావడం లేదు," అన్నారు. "నువ్వు చెప్పినా గుర్తు రావడం లేదు హైమా."

అంటూనే ఆయన మొహం వంకర తిరిగింది. మొదట శబ్దం రాలేదు, తర్వాత వచ్చింది. బల్ల మీద తల పెట్టి, వీపు ఎగిరెగిరి పడేలాగా, ఎందుకో తనకే తెలియకుండా ఏడుస్తున్నారు. ఓదారుద్దామని చెయ్యి చాపిన శర్వాణి సగంలోనే ఆగిపోయి నా మొహం చూసింది.

నా కళ్ళు పొడిగా ఉన్నాయి. నేనింకా ఏడుపు మొదలే పెట్టలేదు. ఆయన ఒక్కరే ఏడుస్తున్నారు.